తొమ్మిదో చప్పుడు

హరిలాల్ రాతి క్వారీ ముఖం చూసి పదేళ్ళయింది. అలాంటి మనిషిని మళ్ళీ క్వారీకి రమ్మని అడగడానికి కూతురు కల్యాణి వరంగల్‌లో బస్సెక్కింది. గంగారంలో దిగి తండాకు నడిచే మూడు కిలోమీటర్లూ ఆ మాట ఎలా ఎత్తాలా అని మథనపడుతూనే ఉంది.

మిర్చి ఏరే రోజులు. హరిలాల్ కల్లంలో ఎండబోసిన కాయలను కాళ్ళతో తిరగేస్తున్నాడు. అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఎవరైనా పిలిస్తే కుడి చెవి అటు తిప్పి వింటాడు. కూతుర్ని చూడగానే చేతులు దులుపుకుని ఎదురొచ్చాడు.

"చెప్పకుంట వచ్చినవేంది బిడ్డా? మంచిగున్నవా?"

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. బడికి పోయినప్పటి నుంచి కల్యాణి నోట తెలుగు కలిసిపోతుంది, తండ్రి కూడా దానికి అలవాటు పడ్డాడు. తండ్రిని బా అని, తల్లిని యాడి అని పిలవడం మాత్రం మారలేదు. ఆమె సంచిలోంచి అరచేయంత గ్రానైట్ ముక్క తీసి అతని చేతికిచ్చింది.

హరిలాల్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పగిలిన వైపు బొటనవేలితో నిమిరాడు. ఆ తర్వాత తనకు తెలియకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మందు వెట్టి పేల్చింది గాదు. సుత్తె దెబ్బ గూడ లేదు. దేంతోని పగులగొట్టిండ్రు?"

"దీంతోని బా," అని కల్యాణి బొటనవేలి కణుపంత బూడిదరంగు లోహపు బిళ్ళను చూపించింది.

ఆమె వరంగల్‌లో ఇంజినీరింగ్ కాలేజీలో లోహాల మీద పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ళుగా ఆమె పనంతా ఈ బిళ్ళల చుట్టూనే తిరుగుతోంది. నికెలు, టైటానియం కలిపి పోసిన లోహం అది. తండ్రికి చెప్పడానికి ఆమె పుస్తకంలో మాటలేవీ వాడలేదు.

"సల్లగున్నప్పుడు మిషన్ల వెట్టి నొక్కితె పొట్టిగైతది బా. నొక్కుడు ఆపినా గట్లనే పొట్టిగుంటది. మల్ల వేడి జేసినమనుకో, ఎన్కటి పొడుగుకు వస్తది. మధ్యల రాయి అడ్డమున్నదనుకో, రాయిని నూకుకుంట వస్తది."

"ఎంత పొట్టిగైతది?"

"గోరంత మందం."

ఇంకెవరికి చెప్పినా గోరంతకు బండ పగులుతుందా అని నవ్వేవారు. హరిలాల్ నవ్వలేదు. "రాయికి వెంట్రుకంత జరిగితె సాలు," అన్నాడు. "జరగవలసిన తాన జరగాలె గని."

ఆ మాట విన్నాక కల్యాణికి ధైర్యం వచ్చింది. తరిగొప్పుల దగ్గర శ్రీపాల్ అనే ఆసామికి క్వారీ ఉంది. క్వారీకి ఒక పక్క ఊరి బడి. మందు పెట్టినప్పుడల్లా బడి గోడలు నెర్రెలు ఇస్తుంటే ఊరివాళ్ళు అడ్డం పడ్డారు. ఆ పక్క రాయి ముట్టుకోలేక శ్రీపాల్, మందు లేకుండా పగలగొట్టే ఉపాయం ఉందంటే ఒకసారి చూద్దామన్నాడు. రాయి ఎటు చీలుతుందో చూసి గీత గీసే మనిషి కావాలి. కల్యాణికి తెలిసినంతలో హరిలాల్‌ను మించినవాడు లేడు.

హరిలాల్ రాయి ముక్కను కూతురి చేతిలో పెట్టేసి, మిరపకాయల వైపు తిరిగాడు. "నాతోని గాదు బిడ్డా. ఇంకోల్లను జూసుకో."

*

అతను ఎందుకు కాదన్నాడో తండాలో అందరికీ తెలుసు. తెలుసనే అనుకునేవారు.

హరిలాల్ వయసులో ఉన్నప్పుడు భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు పని చేశాడు. మందు కూరి పేల్చే పని అక్కడే నేర్చాడు, చెవిని అక్కడే పోగొట్టుకున్నాడు. తర్వాత కొడకండ్ల వైపు ఒక గ్రానైట్ క్వారీలో కుదిరాడు. క్వారీ పక్కనే రేకుల గుడిసెలో భార్య సక్రితో కాపురం. కొడుకు ప్రకాశ్ మహబూబాబాద్‌లో ఐటీఐ చదివేవాడు. కల్యాణి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది.

ఆ మే నెల ప్రకాశ్ సెలవులకు గుడిసెకు వచ్చాడు. ఒక పగలు మంచం మీద పడుకుని ఉన్నవాణ్ణి సక్రి లేపి, తండ్రికి సద్ది ఇచ్చి రమ్మని పంపింది. వాడు ఎండగా ఉందని గునిశాడు. ఆమె వినలేదు. మధ్యాహ్నం అన్నం వేళకు క్వారీలో మందు పేల్చారు. ఒక రంధ్రంలో మందు ఆలస్యంగా పేలింది. అప్పటికి ప్రకాశ్ దాని పక్కన ఉన్నాడు. ఇరవై ఒక్కేళ్ళు.

పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయాడని కాంట్రాక్టరు కాగితం రాయించాడు. హరిలాల్ దాని మీద వేలిముద్ర వేశాడు. ప్రకాశ్‌ను గంగారం తెచ్చి తమ చేను గట్టునే పూడ్చిపెట్టారు.

అప్పటి నుంచి సక్రి ఎవరికీ సద్ది కట్టి పంపదు. చేనికి పోయినవాళ్ళు ఎంత దూరమైనా ఇంటికి వచ్చి తినాల్సిందే. లేపి పంపింది నేనే, ఎండలో పంపింది నేనే అని మొదటి ఏడు గోడకు తల కొట్టుకునేది. తర్వాత కొట్టుకోవడం మానేసి, మాట తగ్గించింది. హరిలాల్ ఆ రోజు గురించి ఒక్క ముక్క కూడా ఎవరితో అనలేదు. అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు.

కల్యాణి చదువులో ఈ లోహాన్ని ఎందుకు పట్టుకుందో కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

తండ్రి కాదన్నాక ఆమె మర్నాడే వరంగల్ వచ్చేసింది. వారం రోజులకు ఫోను మోగింది. హరిలాల్ మంచీ చెడూ ఏమీ అడగకుండా, "గా తరిగొప్పుల రాయి నల్లదా, ఎర్రదా?" అన్నాడు.

*

అతను మొదట కాలేజీకి వచ్చాడు. లోహాన్ని నొక్కే యంత్రం కల్యాణి కంటే రెండింతల ఎత్తు. దాన్ని ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న పురుషోత్తం జనగామ మనిషి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. హరిలాల్‌కు కుర్చీ వేసి, "మీ పాప మా మిషన్ని ఇడిశిపెట్టది అన్నా," అని నవ్వాడు.

కల్యాణి బిళ్ళను రెండు ఉక్కు పలకల మధ్య నిలబెట్టింది. యంత్రం కదులుతున్నట్టే తెలియదు. పక్కన తెర మీద మాత్రం ఒక గీత పాకుతుంది. మొదట నిట్టనిలువుగా లేచింది. లోహం మొండికేసి నిలబడ్డంతసేపూ అంతే. కొంత బరువు దాటాక గీత పక్కకు వాలి చదునుగా సాగింది. బరువు పెద్దగా పెరగకుండానే బిళ్ళ కుంగుతోందన్న మాట. ఆ చదును అయిపోయాక గీత మళ్ళీ పైకి లేస్తుంది. అక్కడితో ఆపాలి. ఆపి బరువు తీసేస్తే బిళ్ళ కొద్దిగా మాత్రం పైకి తేలి, కుంగినదాంట్లో చాలా వరకు అలాగే ఉండిపోతుంది. మళ్ళీ వేడి తగిలేదాకా.

"ఎంత బరువు మోపిండ్రు?" అడిగాడు హరిలాల్.

"ఐదున్నర టన్నులు."

హరిలాల్ లేచి వచ్చి, యంత్రంలోంచి తీసిన బిళ్ళను చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

తరిగొప్పుల పరీక్షకు ఇరవై నాలుగు బిళ్ళలు కావాలి. ఆరు రంధ్రాలు, ఒక్కో దాంట్లో నాలుగు. కల్యాణి దగ్గర ఉన్నవన్నీ ఏడాదిగా పరీక్షల్లో నొక్కి నొక్కి వేడి చేసినవే. ఒక్కోసారి నొక్కి వేడి చేసినప్పుడు అది మొదటి పొడవుకు పూర్తిగా రాదు. వెంట్రుకలో సగమంత లోపలే ఉండిపోతుంది. కంటికి కనపడదు కానీ, నెట్టే బలం తగ్గుతుంది. ఆ బలం పెంచాలని కల్యాణి ఈసారి చదును దాటి, గీత పైకి లేచాక కూడా నొక్కడం ఆపలేదు.

"అమ్మా, గీత లేస్తుంది. ఆపు," అన్నాడు పురుషోత్తం.

"ఎంత ఎక్కువ నొక్కితే అంత గట్టిగా నూకుతది గద సార్?"

"కొంచెం దాకనే. గది దాటితె లోపల జరిగింది మల్ల ఎన్కకు రాదు. నీకు నేను జెప్పాల్నా?"

నిజంగానే ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తన నోటుపుస్తకంలోనే రాసి ఉంది. అయినా తండ్రి వచ్చి కూర్చున్నాడు, శ్రీపాల్ తేదీ ఇచ్చాడు, ఇంకో వాయి బిళ్ళలు పోయించి తెప్పించాలంటే ఆరు వారాలు. ఆమె ఇరవై నాలుగూ అలాగే నొక్కింది.

*

తరిగొప్పుల క్వారీలో హరిలాల్ ముందు రాయి చుట్టూ తిరిగాడు. చెప్పులు విడిచి బండ మీద నడిచాడు. కూర్చుని నీళ్ళు చల్లి, అవి ఎటు ఇంకుతున్నాయో చూశాడు. సుత్తెతో అక్కడక్కడ తట్టి కుడి చెవి ఆనించి విన్నాడు. చివరికి సుద్దతో ఒక గీత గీసి, "గీడ పడుతయ్ బొక్కలు. జానెడు జానెడు ఎడం," అన్నాడు. శ్రీపాల్ మనుషులు డ్రిల్లు పెట్టారు.

ప్రతి రంధ్రంలో గోడలకు ఆనేట్టు రెండు ఉక్కు దబ్బలు, వాటి మధ్య అడ్డంగా నాలుగు బిళ్ళలు, చుట్టూ వేడెక్కే తీగ. తీగలన్నీ జనరేటరుకు కలిపారు. శ్రీపాల్ తెల్లచొక్కా మడతలు నలగకుండా గొడుగు కింద నిలబడ్డాడు. "పేలుడు లేదన్నప్పుడు మనం దూరం పోవుడెందుకు?" అని అడిగాడు. అవసరం లేదంది కల్యాణి. అయినా హరిలాల్ అందర్నీ వెనక్కి నడిపించాడు. మందు పేల్చే రోజుల్లో ఎంత దూరమో అంత దూరం.

జనరేటరు మొదలైంది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. బండ మీద ఎండ తప్ప ఏమీ కదల్లేదు. చప్పుడు రాదని ముందే చెప్పినా అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. పదిహేనో నిమిషానికి కల్యాణి ఆగలేకపోయింది. పగులు మొదలైందో లేదో దగ్గరికి పోతేనే తెలుస్తుంది.

"నేను జూసొస్త," అని గబగబా నడిచింది.

వెనక నుంచి కేక వినిపించింది. ఆ కేకలో ఆమె పేరు లేదు.

"ప్రకాశ్! ఆగు బిడ్డా, పోవద్దు! ఎనిమిదే, ఎనిమిదే!"

తిరిగి చూసేలోపు హరిలాల్ ఉరికివచ్చి ఆమె నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ రాతిపొడిలో పడ్డారు. అతను ఆమె మీద అడ్డంగా పడి, రెండు చేతులతో ఆమె తల కప్పేశాడు. కల్యాణి, "ఏం గాదు బా, గండ్ల మందు లేదు, ఏం గాదు," అని పదిసార్లు చెప్పాక చేతులు తీశాడు.

శ్రీపాల్ జనరేటరు ఆపించి, మనుషులను తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఆ మాత్రం మర్యాద అతనికి ఉంది.

తండ్రీ కూతుళ్ళు అక్కడే కూర్చున్నారు. హరిలాల్ బండ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆనాడు తొమ్మిది బొక్కలు గూరిన. వత్తులు అంటువెట్టింది నేనే. సప్పుళ్ళు లెక్కవెట్టుడు గూడ నా పనే. ఎనిమిది ఇనొచ్చినయ్. నా పక్కన నీ అన్న ఉన్నడు. 'బా, ఎనిమిదే గదా?' అన్నడు. నేనేమన్న? రెండు ఒక్కపారే పేలినయ్ పోరా, నీ ఈడంత సర్వీసు నాది అన్న. పైనంగ సుత్తె ఆడ మర్శిపోయిన, పొయ్యి తే అన్న."

కల్యాణి అతని ముఖంలోకి చూసింది.

"వాడు సొంతంగ పోలే బిడ్డా. నేనే తోలిన. ఈ చెవు ఇనవడదని ఎరికే. ఇనొచ్చేటోడు పక్కన నిలవడి చెప్తె గూడ ఇన్లే."

"మరి కాగితం మీద..."

"వేసిన. వానిదే తప్పన్నట్టు వేలు వేసిన."

కల్యాణి లేచి వెళ్ళి రాయిని చూసింది. ఆరు రంధ్రాల్లో రెండింటి మధ్య సన్నటి నెర్రె, అది కూడా పైపైనే. బండ పగల్లేదు. బిళ్ళలు చల్లారాక తీసి కొలిస్తే, కుంగిన పొడవులో సగం కూడా తిరిగి రాలేదు. ఎక్కువ నొక్కి వాటిని చెడగొట్టింది తనే.

*

తండాకు తిరిగి వెళ్ళే బస్సులో కల్యాణి తల్లి గురించి తండ్రిని ఒకటే అడిగింది. "యాడికి ఎరికేనా?"

హరిలాల్ తల అడ్డంగా ఊపాడు.

కల్యాణి చెప్పొద్దనలేదు, చెప్పమనీ అనలేదు. మహబూబాబాద్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ, పదేళ్ళుగా తల్లి కట్టని సద్దుల గురించే ఆలోచించింది. ఇంటికి చేరాక, సక్రి చెంబుతో నీళ్ళిస్తుంటే, హరిలాల్ నీళ్ళు తాగకుండా చెంబు కింద పెట్టి అంతా చెప్పేశాడు. కూతురికి చెప్పిన మాటలే, అదే వరసలో. ఇన్నేళ్ళు లోపల అనుకుని అనుకుని ఉన్న మాటల్లా వచ్చాయి.

సక్రి పొయ్యి దగ్గర నిలబడే విన్నది. ఏడుస్తుందని, మీద పడి కొడుతుందని కల్యాణి భయపడింది. ఆమె అవేవీ చేయలేదు.

"లెక్క తప్పితివి. మనిషివి, తప్పుతది," అంది. "గది నేను ఓర్సుకుందును. గని పదేండ్ల సంది నేను తల గోడకు గొట్టుకుంటుంటె నువ్వు జూసుకుంట కూసున్నవ్. నువ్వు తోలలే సక్రీ, నేను తోలిన అని ఒక్కమాట నీ నోట్లకెళ్ళి రాలే. రాత్రి పక్కల పండుకున్నప్పుడు గూడ రాలే."

"భయమైంది," అన్నాడు హరిలాల్.

"నాకు గాలేదా భయం?"

మర్నాడు పొద్దున సక్రి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని భూపాలపల్లిలో ఉన్న చెల్లెలు రామి ఇంటికి వెళ్ళిపోయింది. తండా పొలిమేర దాకా కల్యాణి వెంట నడిచింది. "నువ్వన్న ఉండాలె గదా యాడీ," అని బతిమాలింది. "నేను పోతున్న గంతే, కొట్లాడి పోతలేను," అంది సక్రి. వెనక్కి తిరిగి చూడలేదు.

*

కల్యాణి కొత్త బిళ్ళలు పోయించింది. ఈసారి తొందరపడలేదు. గీత చదును దాటకముందే ఆపి, వేడి చేసి, చల్లార్చి మళ్ళీ అంతే నొక్కింది. మొదటి ఇరవై సార్లు ప్రతిసారీ కొంత పొడవు పోయింది. తర్వాత పోవడం తగ్గింది. అరవై దాటాక ఇంక పోలేదు. పోవాల్సింది పోగా మిగిలిన పొడవుకు ప్రతిసారీ నమ్మకంగా తిరిగి వస్తోంది. ఆ తగ్గిన పొడవుకు సరిపోయేట్టు ఉక్కు దబ్బలను మళ్ళీ చేయించారు. పురుషోత్తం సెలవు రోజుల్లో కూడా వచ్చి యంత్రం దగ్గర కూర్చున్నాడు.

ఆ నెలన్నరా హరిలాల్ ఒక్కడే వండుకు తిన్నాడు. మిర్చి అమ్మాడు. కూతురు ఫోను చేస్తే, "తిన్న, పండుకుంటున్న," అని పెట్టేసేవాడు. ఏప్రిల్ చివర్లో కల్యాణి మళ్ళీ రమ్మంది. వస్తాడనుకోలేదు, వచ్చాడు.

ఈసారి అతను ఎవర్నీ దూరం పొమ్మనలేదు. తను మాత్రం రాయి మీద అరచేయి ఆనించి గొంతు కూర్చున్నాడు. కల్యాణి వద్దనలేదు. జనరేటరు నడిచింది. పదకొండో నిమిషానికి హరిలాల్, "కదిలింది," అన్నాడు. ఎవరికీ ఏమీ వినపడలేదు. ఇంకో రెండు నిమిషాలకు సుద్దగీత వెంబడి నల్లటి దారంలాంటిది ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకింది. చూస్తుండగానే ఆరింటినీ కలిపేసింది. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నది ఆ పక్క నుంచి స్పష్టంగా వినపడుతూనే ఉంది.

శ్రీపాల్ పగులులో కాగితం అంచు దూర్చి చూసి ఆశ్చర్యపోయాడు. "గిది ముందుగాల ఎవ్వలన్న కనిపెడితె..." అని ఏదో అనబోయి, హరిలాల్ ముఖం చూసి ఆపేశాడు.

హరిలాల్ చేయి తీయలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, శబ్దం లేకుండా ఏడ్చాడు. కల్యాణి పక్కన కూర్చుంది. సంతోషపడదామని ఆమె నాలుగేళ్ళు ఎదురుచూసిన క్షణం అది. అన్నకు ఇప్పుడు ముప్పై ఒకటి ఉండేవి అన్న మాట తప్ప మనసులో ఇంకేమీ మెదల్లేదు.

*

మే నెలలో ప్రకాశ్ పోయిన రోజుకు సక్రి భూపాలపల్లి నుంచి వచ్చింది. ఇంటికి రాలేదు, బస్సు దిగి నేరుగా చేను గట్టుకు వెళ్ళింది. కల్యాణి, హరిలాల్ వెళ్ళేసరికి సమాధి చుట్టూ ఊడ్చి, నీళ్ళు చల్లి కూర్చుని ఉంది. హరిలాల్ నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. బెల్లం, నెయ్యి నిప్పుల మీద వేసి దండం పెట్టుకున్నారు.

లేవబోతూ సక్రి, భర్త వైపు చూడకుండానే అడిగింది.

"ఆనాడు తిన్నడా పిలగాడు?"

హరిలాల్‌కు వినపడలేదేమోనని కల్యాణి మళ్ళీ చెప్పబోయింది. కానీ అతను కుడి చెవి ఇటు తిప్పే ఉన్నాడు.

"తిన్నడు," అన్నాడు. "ఇద్దరం ఒక్కతాన్నే తిన్నం. జొన్న రొట్టెలు మూడు వెట్టినవ్ గదా, రెండు వాడే తిన్నడు. తొక్కు కారమున్నదని నీళ్ళు తాగుకుంట తిన్నడు. యాడికి చెప్పకు, మల్ల గింత కారం వెయ్యది అన్నడు."

సక్రి కొంగు నోట్లో కుక్కుకుంది. పదేళ్ళలో కల్యాణి తల్లి ఏడుపు చాలాసార్లు విన్నది. ఇది వేరేగా ఉంది. హరిలాల్ లేచి దగ్గరికి పోలేదు. పోతే వద్దంటుందని భయపడ్డాడో, పోయే హక్కు లేదనుకున్నాడో కల్యాణికి తెలియలేదు. ఆమె తల్లిని పట్టుకుని కూర్చుంది.

ఏడుపు తగ్గాక సక్రి, "గా కాగితం మార్పియ్యాలె," అంది. "నా కొడుకు చెప్పకుంట పోయిండని ఉండొద్దు."

"మార్పిస్త," అన్నాడు హరిలాల్.

వారం తిరక్కుండా అతను కొడకండ్ల పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. కాంట్రాక్టరు ఎప్పుడో పని మానేసి ఎటో పోయాడు. అంత పాత కేసు కాగితాలు దొరకవన్నారు. హరిలాల్ మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి ఒక ముసలి హెడ్ కానిస్టేబులు జాలిపడి, చెప్పింది చెప్పినట్టు రాసి తీసుకుంటానన్నాడు. ఇప్పుడు ఇలా చెబితే నీ మీదికే వస్తుంది అని ముందే హెచ్చరించాడు. రానీయండి అన్నాడు హరిలాల్. కేసేమీ రాలేదు. ఆ కాగితాన్ని ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. దాని నకలు మాత్రం హరిలాల్ తీసుకుని భూపాలపల్లి వెళ్ళాడు. సక్రికి చదువు రాదు. రామి కోడలు చదివి వినిపించింది. సక్రి రెండోసారి చదవమంది. ఆ తర్వాత మడతపెట్టి పెట్టెలో దాచుకుంది.

తరిగొప్పులలో బడి వైపు రాయి ఇప్పుడు చప్పుడు లేకుండానే పగులుతోంది. మిగతా మూడు వైపులా మందే పెడుతున్నారు. బిళ్ళలతో ఒక్క వరస పగలడానికి ఒక పూట పడుతుంది, మందుతో అయితే చిటికెలో అయిపోతుంది. శ్రీపాల్ ఆ సంగతి దాచకుండానే చెప్పాడు. కల్యాణి వాదించింది, బతిమాలింది. చివరికి, మందు పేల్చాక అరగంట దాకా ఎవరూ లోపలికి పోకూడదని మాత్రం ఒప్పించగలిగింది. గీతలు గీయడానికి హరిలాల్ వారానికి రెండు రోజులు వెళతాడు. మందు పేల్చే వేళకు మాత్రం రోడ్డు మీదికి వచ్చి నిలబడతాడు.

సక్రి తండాకు తిరిగి రాలేదు. హరిలాల్ ప్రతి మంగళవారం భూపాలపల్లి బస్సెక్కుతాడు. రామి ఇంటి అరుగు మీద ఇద్దరూ కూర్చుంటారు. వానల గురించి, మిర్చి తెగులు గురించి, కల్యాణి పెళ్ళి గురించి రెండు మూడు మాటలు. సక్రి అన్నం పెడుతుంది, అతను తిని కంచం కడిగి బోర్లిస్తాడు. నాలుగింటి బస్సుకు వచ్చేస్తాడు.

ఇంటికెప్పుడు వస్తావని కల్యాణి ఫోనులో తల్లిని మొదట్లో ప్రతివారం అడిగేది. "ఇంకా మనసు వస్తలేదు బిడ్డా," అనేది సక్రి. గొంతులో కోపం ఉండేది కాదు, అందుకే ఆ మాట వినడం కల్యాణికి మరీ కష్టంగా ఉండేది. ఇప్పుడు ఆమె అడగడం మానేసింది. మంగళవారం సాయంత్రం ఫోను చేసి, బా బస్సెక్కిండా అని మాత్రం కనుక్కుంటుంది.